మిరపకాయలు అమ్మేదాకా

ఆ ఏడాది మా ఇంట్లో మిర్చి ధర గురించి నాకంటే ఎక్కువగా పట్టించుకున్నది నా భార్య.

నాది పత్రికలో ఉద్యోగం. గుంటూరు మిర్చి యార్డు వార్త చాలా ఏళ్లుగా నేనే రాస్తున్నాను. పొద్దున్నే వేలం దగ్గర నిలబడటం, ఘాటుకి తుమ్ముకుంటూ ఏ రకం ఎంత పలికిందో రాసుకోవడం, ఆఫీసుకొచ్చి జిల్లా పేజీకి నాలుగు ముక్కలు కొట్టి పంపడం. ఆ నాలుగు ముక్కల్ని మా ఇంట్లో ఎవరూ చదివిన పాపాన పోలేదు. ఆమె ప్రత్తిపాడు వైపు ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. సాయంత్రం ఇంటికొచ్చాక చెప్పులైనా విడవకుండా కాసేపు కుర్చీలో కూర్చుంటుంది. ఆ కాసేపూ పలకరించకూడదని నాకు తెలుసు. అలాంటిది, ఆ వేసవి ముందు నుంచి తనే అడగడం మొదలుపెట్టింది.

"ఇవాళేమన్నా పెరిగిందా?"

"లేదు. ఇంకా దిగింది."

"పోన్లే," అనేది. ఒక్కోరోజు "అమ్మయ్య" అని కూడా అనేది.

ఆమె మిరప రైతు కూతురే. ధర పడిపోయిన రోజున వాళ్ల నాన్న కంచం ముందు కూర్చుని అన్నం కలపకుండానే లేచిపోవడం చిన్నప్పుడు చూసింది. నాకు చెప్పింది కూడా. అలాంటి మనిషి నోట "అమ్మయ్య" అని వస్తే వినడానికి ఎలాగో ఉండేది. అన్నాక తనకీ బాగుండేది కాదేమో, లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

దీనికంతటికీ కారణం ఆమె బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి.

ముందు ఆ బడి సంగతి చెప్పాలి. మెయిన్ రోడ్డు మీద బస్సు దిగి షేర్ ఆటో ఎక్కితే దారికి అటూ ఇటూ పత్తి, మిరప. కోతలప్పుడు పిల్లలు సగం మంది రారు. వచ్చినవాళ్ల హాజరు ఫోన్లో ఎక్కించాలి. మధ్యాహ్నం పెట్టిన గుడ్డు ఫోటో తీసి ఎక్కించాలి. మరుగుదొడ్డి కడిగాక దాని ఫోటో కూడా. "నేను పాఠం చెబుతున్నానో లేదో మాత్రం ఎవరికీ ఫోటో అక్కర్లేదు," అనేది నా భార్య.

పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంటుంది. పువ్వులు, పుప్పొడి దాకా అందరినీ కూర్చోబెట్టి చెబుతారు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ బడిలో ఒక పద్ధతి ఉంది. వ్యాయామం మాస్టారు గుమ్మంలోకి వచ్చి నిలబడి, "ఒరేయ్, మగపిల్లలంతా గ్రౌండుకి పదండి, కబడ్డీ," అంటాడు. ఆ పీరియడ్‌లో కబడ్డీ ఆడుతున్నారంటే క్లాసులో ఆ పేజీలు వచ్చాయని బడి మొత్తానికీ తెలిసిపోతుంది. ఆట అయ్యాక చెమటలు కక్కుకుంటూ వచ్చి, "ఏం చెప్పారే మీకు?" అని ఆడపిల్లల వెంటపడతారు. వాళ్లు తలలు పుస్తకాల్లో పెట్టేస్తారు. ఆ మర్నాటి నుంచి మళ్లీ అందరూ కలిసి అనువంశికత పాఠం చదువుతారు, మధ్యలో ఏమీ జరగనట్టు.

ఒక ఏడు నా భార్య ఆ పద్ధతి వద్దంది. అందరికీ కలిపి చెప్పింది. వారం తిరక్కుండా ఒక అమ్మాయి తండ్రి వచ్చాడు. మర్యాదస్తుడు. సంచి నిండా తన పొలంలో కాసిన బెండకాయలు తెచ్చాడు.

"మేడం గారూ, మీ మీద కంప్లయింట్ కాదండి. మా పిల్లకి అయ్యన్నీ ఇప్పుడెందుకంట? పెళ్లయినాక అయ్యే తెలుస్తయ్."

"మీ అబ్బాయి ఫోన్లో ఏం చూస్తున్నాడో మీకు తెలుసాండీ?"

"మగపిల్లోడు కదండీ," అన్నాడాయన. అంతకుమించి చెప్పేదేమీ లేనట్టు సంచి బల్ల మీద పెట్టాడు.

హెడ్మాస్టరు ఇద్దరికీ టీ తెప్పించాడు. మరుసటి ఏడు మళ్లీ కబడ్డీయే. "ఎంతకని పోట్లాడను," అంది ఆమె. ఆ బెండకాయలు లేతవి, బాగున్నాయి.

మా పత్రిక కూడా ఆ బడి కంటే ముందేమీ లేదు. ఊళ్లో ఎవరింట్లోనైనా పిల్లకు ఓణీల ఫంక్షన్ జరిగితే, ఫలానా నాయకుడు హాజరై ఆశీర్వదించాడని ఫోటోతో సహా వేస్తాం. అంటే ఆ పిల్ల పెద్దమనిషి అయిందని జిల్లా అంతటికీ చెప్పినట్టే. ఒక వైద్య శిబిరంలో డాక్టరమ్మ ఆడపిల్లల నెలసరి గురించి చెప్పిన మాటల్ని నేను ఉన్నదున్నట్టు రాస్తే మాత్రం, పేజీలో 'పలు ఆరోగ్య సమస్యలు' అని అచ్చయింది. డెస్కులో అడిగితే, "ఇళ్లల్లో అందరూ చదివే పేపర్ కదా సార్," అన్నారు.

ఇక ఆ అమ్మాయి. పొడుగ్గా ఉంటుంది. పక్క ఊరి నుంచి సైకిల్ మీద వచ్చేది. మగపిల్లలతో "ఏరా, నీ లెక్క తప్పురా" అని సమానంగా తగువు పడేది. పాఠం మధ్యలో చెయ్యెత్తి అడిగే పిల్లలు ఈ రోజుల్లో తక్కువ. ఆ తక్కువమందిలో తనొకతి. ఆ చలికాలం నుంచి నెలకు నాలుగైదు రోజులు బడి మానేయడం మొదలుపెట్టింది. అడిగితే మొదట జ్వరం అంది, తర్వాత కడుపునొప్పి అంది.

బడిలో ఆడపిల్లలకు నాప్‌కిన్ల ప్యాకెట్లు ఇస్తారు. పంచే పని నా భార్యది. ల్యాబ్‌లో ఒక అట్టపెట్టె పెట్టి, ఇంటర్వెల్‌లో వచ్చి తీసుకోమని చెప్పేది. ఎవరు వెళ్తున్నారో మిగతా ఆడపిల్లలు చూస్తూనే ఉంటారు. పెట్టె దగ్గరికి వెళ్లడమంటే తాను పెద్దమనిషి అయినట్టు ఒప్పుకోవడమే. ఈ అమ్మాయి ఎప్పుడూ వెళ్లలేదు. ఇంకా కాలేదేమో అనుకుంది నా భార్య.

ఒకరోజు చివరి గంట కొట్టాక అందరూ వెళ్లిపోయినా ఆ అమ్మాయి బెంచీ మీద నుంచి లేవలేదు.

"ఏమ్మా, ఇంటికెళ్లవా?"

"పోతానండీ. నోట్సు రాసుకుంటన్నా."

నోట్సు మూసి ఉంది. నా భార్య తలుపు దగ్గరకు వేసి వచ్చి పక్కన నిలబడింది. అమ్మాయి తప్పనిసరై లేచింది. యూనిఫాం వెనక మరక.

"ఏంటమ్మా అది?"

"మిరపకాయల రంగండీ. పొద్దున కల్లంలో కూర్చున్నా."

నా భార్య మిరప కల్లాల్లో ఆడుకుని పెరిగిన మనిషి. కాయలు ఎండబోసిన చోట కూర్చుంటే మంట పుడుతుంది గాని అలాంటి మరక పడదు. ఆ మాట అనలేదు. ల్యాబ్‌లోంచి ప్యాకెట్ తెచ్చి ఇవ్వబోయింది. అమ్మాయి చెయ్యి చాపలేదు.

"నేనింకా అవలేదండీ."

"ఏమవలేదు?"

"పెద్దమనిషి. మిరపకాయలు అమ్మాక అవుతానండీ."

ఆ సాయంత్రం నా భార్య ఇది చెబుతుంటే నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

మా వైపు పిల్ల పెద్దమనిషి అయితే మొదటి కబురు మేనమామకు వెళ్లాలి. ఆయన చీర తేవాలి. పిల్లను చాప మీద కూర్చోబెట్టాలి. నువ్వులూ బెల్లం దంచి, చిమ్మిలి చేసి ఇరుగుపొరుగుకు పంచాలి. కబురు బయటపడ్డాక ఫంక్షన్ చేయకుండా ఆగడానికి వీల్లేదు. షామియానా, బిర్యానీ, వీడియో, సెంటర్లో పిల్ల ఫోటోతో ఫ్లెక్సీ. ఊళ్లో అందరి ఇళ్లల్లో తిని వచ్చిన వాళ్లు తమ ఇంట పెట్టకపోతే తల ఎత్తుకోలేరు. పంట అమ్మితేగాని అదంతా జరగదు. అందుకని పంట అమ్మేదాకా పిల్ల పెద్దమనిషి కాదు. మా పిన్నిని అడిగితే, "ఇందులో వింతేముందిరా? మా ఒంగోలు వైపు పొగాకు అమ్మేదాకా ఆపేవాళ్లు. నన్ను ఎండాకాలం దాకా ఆపారు," అంది, ఎవరి గురించో చెబుతున్నట్టు.

ఒక ఆదివారం నేను కల్లాల్లో నిలిచిపోయిన సరుకు మీద వార్త రాయడానికి అటువైపు వెళ్తుంటే, నా భార్య కూడా స్కూటర్ ఎక్కింది. ఆ అమ్మాయి తల్లి పట్టాల మీద పోసిన కాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. ముక్కుకీ నోటికీ చుట్టుకున్న గుడ్డ విప్పి మమ్మల్ని చూసింది. చూడగానే ఆమెకు విషయం అర్థమైంది.

"చెప్పేసిందా మీకు? దీని నోరు పడ."

"తను చెప్పలేదమ్మా. నేనే చూశాను."

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మా అత్తక్కూడా తెలవదండీ. తెలిసిందంటే పొద్దున్నే పాల కేంద్రం కాడ నిలబడి ఊరందరికీ చెప్పొచ్చుద్ది."

"మరి ఇంట్లో ఎలా? ఆవిడకి మడీ ఆచారం ఉంటుందిగా?"

"ఏం చెయ్యమంటారు? అన్నీ ముట్టుకుంటంది. మొన్న మాగాయ జాడీలో చెయ్యి పెట్టింది. మా అత్త వేసుకుని తిని, ఈ ఏడు భలే కుదిరిందే అంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు ఆగాక నా భార్య అసలు సంగతికి వచ్చింది. "బడెందుకు మానిపిస్తున్నారు? నెల నెలా ఇన్ని రోజులు పోతే ఏం చదువుతుంది?"

"బడిలో ఏదన్నా అయితే అందరికీ తెలిసిపోద్దండీ. మా అన్నకి ముందు తెలవాల. బయటోళ్లు చెబితే తెలిసిందనుకోండి, నన్ను పుట్టింటి గడప తొక్కనిస్తాడా? వాళ్లది అద్దంకి కాడ. వాళ్లదీ మిరపే. వాళ్లూ ఏసీలో పెట్టారు, మేమూ పెడతన్నాం."

కోల్డ్ స్టోరేజీని అక్కడ ఏసీ అంటారు. కాయలు ఏసీలోకి పోతున్నాయి, వాటితో పాటు ఈ కబురూ పోతోంది. ఆమె నావైపు తిరిగింది.

"సారు యార్డులో ఉంటారంటగా. ఎప్పుడు పెరిగిద్ది సారూ?"

"చెప్పలేమమ్మా," అన్నాను. అన్నేళ్లు రాసినా నాకు తెలిసింది నిన్నటి ధరే.

నా భార్య ఒక ఏర్పాటు చెప్పింది. ప్యాకెట్లు పెట్టెలో కాకుండా తన హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంటాయి. ఆ అమ్మాయి ల్యాబ్ తాళాలు తేవడానికి వచ్చినట్టు వచ్చి తీసుకోవచ్చు. స్టాఫ్ బాత్రూం వాడుకోవచ్చు. ఎవరికీ తెలియదు. తల్లి సరేనంది. ఆ నెల నుంచి అమ్మాయి ఒక్కరోజు కూడా మానలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. ఒంటిపూట బడులు పెట్టాక ఒకరోజు ఆ అమ్మాయి తాళాల కోసం వచ్చి, తీసుకున్నాక కూడా నిలబడే ఉంది.

"రేటు ఎట్టా ఉందంట మేడం?"

"పెరిగినట్టు లేదమ్మా. దిగులు పడకు, మీవాళ్లు ఎలాగో అమ్ముతారు."

"దిగులు కాదండీ. పెరక్కుండా ఉంటే బాగుండు."

నా భార్య ఆ పిల్ల మొహంలోకి చూసింది.

"మా పెదనాన్న కూతురు ఫంక్షన్ దాకా బడికొచ్చిందండీ. అయినాక రాలా. సైకిల్ ఎక్కనియ్యరు. సెంటర్ మీదుగా పోనియ్యరు. మా బావకి కూడా చెబుతారంట."

"ఏమని?"

"నేనున్నానని. నేనిట్టాగే ఉంటే పదో తరగతి అయిపోద్దిగా మేడం?"

నా భార్య ఇంటికొచ్చి ఆ రోజే మొదటిసారి యార్డు ధర అడిగింది.

ఇన్నాళ్లూ ఆ రహస్యం పిల్లకు భారమని మేం అనుకున్నాం. ఆ పిల్లకు అది నీడ. పెద్దమనిషి కాలేదు కాబట్టి సైకిల్ తొక్కవచ్చు, అబ్బాయిల్ని ఏరా అనవచ్చు, పరీక్ష రాయవచ్చు. ఏసీలో కాయలు ఉన్నంతకాలం ఆ పిల్లకు బడి ఉంది.

అలా ధర పెరగకూడదనే కోరిక మా ఇంట్లోకి వచ్చింది. బయట ఎవరితోనూ చెప్పుకోలేని కోరిక. యార్డులో నేను రోజూ చూసే రైతులు టిక్కీల పక్కనే, అంటే మిర్చి బస్తాల పక్కనే, తువ్వాలు పరుచుకుని పడుకునేవాళ్లు. కొందరు అడిగిన ధరకు ఇవ్వలేక సరుకు వెనక్కి తీసుకుపోయేవాళ్లు. అదంతా రాసి ఇంటికొస్తే ఈమె "అమ్మయ్య" అనేది. ఒకరోజు నేను ఉండబట్టలేక అన్నాను.

"నువ్వలా అంటే ఎట్లా? వాళ్లంతా ఏమైపోతారు?"

"నాకు తెలీదా? నాకు చెబుతున్నారా మీరు?" అంది. మళ్లీ తనే, "నేను కోరుకుంటే పెరక్కుండా ఆగుతుందా? ఆగదు. కోరుకోవడం కూడా నా చేతిలో లేకపోతే ఎట్లా," అంది.

తర్వాత ఆ విషయం మీద మేం వాదించుకోలేదు. ఇద్దరికీ ఓపిక లేదు.

వేసవిలో యార్డుకు సెలవులిచ్చారు, బళ్లకూ ఇచ్చారు. బడి తెరిచాక ఆ అమ్మాయి పదో తరగతిలో మొదటి బెంచీలో కూర్చుంది. ఆషాఢంలో ధర అక్కడక్కడే కదిలింది. శ్రావణం వచ్చాక ఒక్కసారిగా లేచింది. మా డెస్కు ఆ వార్తను జిల్లా పేజీలో పైన వేసింది. నా భార్య నేను రాసినదాన్ని మొదటిసారి మొత్తం చదివింది. "చాలా పెద్దక్షరాలు పెట్టారే," అని పేపర్ మడిచి బల్ల మీద పెట్టింది.

వారం పది రోజుల్లో తల్లి స్టీలు డబ్బాతో బడికి వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. స్టాఫ్ రూంలో అందరికీ చిమ్మిలి ఉండలు పెట్టింది.

"మా పాప నిన్న పెద్దమనిషి అయిందండీ."

"శుభం," అన్నాడు హెడ్మాస్టరు. "ఇంకా కాలేదేంటా అనుకుంటున్నాం," అంది హిందీ టీచరు. తల్లి డబ్బా పట్టుకుని నా భార్య ముందుకు వచ్చి, కళ్లు ఎత్తకుండా నిలబడింది. నా భార్య ఒక ఉండ తీసుకుని, "చాలా సంతోషం అమ్మా," అని నోట్లో వేసుకుంది. నువ్వులు బాగా వేగాయని నాతో చెప్పింది.

ఫంక్షన్‌కు ఇద్దరం వెళ్లాం. ఊరి సెంటర్లో రెండు కరెంటు స్తంభాల మధ్య ఫ్లెక్సీ. 'నూతన వస్త్ర బహూకరణ వేడుక' అని పైన రాసి ఉంది. నగలూ రంగులూ వేసిన ఆ పిల్లను గుర్తుపట్టడానికి నాకు కాస్త సమయం పట్టింది. పక్కనే, ఏడేళ్ల తమ్ముడు పట్టుపంచెలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కలిసొస్తుందని వాడికి కూడా పంచెలు కట్టే వేడుక అదే రోజు పెట్టారు. మేనమామ అద్దంకి నుంచి వ్యాను నిండా మనుషులతో, పళ్లేలతో వచ్చాడు. వాళ్ల కాయలూ అమ్ముడుపోయాయి. ఆ అమ్మాయి క్లాసు మగపిల్లలంతా ఒకే బల్ల దగ్గర చేరి బిర్యానీ తింటున్నారు. వ్యాయామం మాస్టారు వేదిక ఎక్కి అక్షింతలు వేసి, ఫోటోకి నిలబడ్డాడు. కబడ్డీకి పంపేది కూడా ఈయనే కదా అని నాకు అనిపించింది. ఆయన మంచివాడే. పిల్ల చేతిలో కవరు పెట్టి "బాగా చదువుకో" అని కూడా అన్నాడు.

మేం వేదిక ఎక్కినప్పుడు ఆ అమ్మాయి తల వంచి నా భార్య చెవిలో, "సోమవారం వచ్చేస్తా మేడం," అంది.

సోమవారం రాలేదు. ఆ వారం రాలేదు. పై వారం కూడా. ఫ్లెక్సీ వానకు తడిసి ఒక పక్కకు వేలాడే దాకా చూసి, ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. తండ్రి వాకిట్లో మందు కొట్టే స్ప్రేయర్ విప్పి నాజిల్ కడుగుతున్నాడు. కుర్చీలు వేయించాడు. మజ్జిగ తెప్పించాడు. ఆ అమ్మాయి గ్లాసులు తెచ్చి ఇచ్చి లోపలి గుమ్మం పక్కన నిలబడింది. ఓణీ వేసుకుంది.

"చదివించననలేదు మేడం గారూ. నేను చదువుకోలేదు, పిల్లకి చదువుందంటే నాకు మాత్రం సంతోషం కాదా? ఎట్టా పంపాలో మీరే చెప్పండి."

"ఇన్నాళ్లూ వచ్చినట్టే. సైకిల్ ఉందిగా?"

"అప్పుడంటే చిన్నపిల్ల. ఇప్పుడు సెంటర్లో కుర్రనాయాళ్లు కాపలా కాసుకుని కూర్చుంటారు. ఆటో అంటారా, కూలోళ్లు ఇరుక్కుని కూర్చుంటారు. ఇప్పుడు అందరికీ తెలుసుగా అండీ."

"అందరికీ తెలిసేట్టు ఫ్లెక్సీ కట్టింది మీరేగా?"

"కట్టకపోతే ఎట్టాగండీ?" అన్నాడాయన నిజంగానే అర్థంకానట్టు.

"పిల్ల పోయిన ఏడూ ఇదే పిల్ల. ఒక్కరోజులో ఏం మారిందండీ?"

ఆయన నాజిల్ మళ్లీ కడగడం మొదలుపెట్టాడు. పోయిన ఏడు సంగతి ఆయనకూ తెలుసు. తల్లి తలుపు చాటు నుంచి, "అట్టా మొండికేస్తే ఎట్టా, ఏదో ఒకటి చెప్పు," అంది. అది భర్తతో అందో, నా భార్యతో అందో తెలియలేదు.

చివరికి ఆయన తల ఎత్తాడు. "మీరు పొద్దున్నే ఇంటి కాడికొచ్చి వెంటబెట్టుకు పోయి, సాయంత్రం మళ్లా తెచ్చి దింపుతానంటే పంపుతా. మీ మాట మీదైతే పంపుతా. లేకపోతే నా వల్ల కాదు." కుదరని షరతు పెట్టి గౌరవంగా తప్పించుకుంటున్నాడని నాకు అర్థమైంది.

"సరే," అంది నా భార్య.

ఆయన నాజిల్ కింద పెట్టాడు. "రోజూనా అండీ?"

"రోజూ. పరీక్షలయ్యేదాకా."

ఆమెకు మోకాళ్ల నొప్పులు. రిటైర్మెంటు దగ్గర పడింది. ఆ ఊరి మలుపు దగ్గర ఆటో దిగి ఇంటి దాకా నడవాలి, అక్కడి నుంచి బడి దాకా నడవాలి. సాయంత్రం మళ్లీ అంతా. ఒప్పుకునే ముందు కాస్త ఆలోచించాల్సింది అని తిరిగి వచ్చేటప్పుడు స్కూటర్ మీద అన్నాను.

"ఆలోచిస్తే ఒప్పుకోను," అంది. తర్వాత, "పెద్దపిల్లకి కాపలా ఎందుకు అని ఇన్నేళ్లు అందరితో వాదించాను. చివరికి కాపలా నేనే అయ్యాను," అంది. బాధగా అనలేదు. బస్సు తప్పిపోయిందని చెప్పినట్టు అంది.

అప్పటి నుంచి పొద్దున గంట ముందు లేస్తోంది. వాన పడితే ఆ దారి బురద. పత్తి తీతలు మొదలయ్యాక ట్రాక్టర్ల దుమ్ము. అమ్మాయి ముందు నడుస్తుంది, ఈమె వెనక. కొంచెం దూరం పోయాక ఆ పిల్ల ఆగి, ఈమె కలిసేదాకా నిలబడి, సంచి తను తీసుకుంటుంది. సెంటర్లో కూర్చున్న కుర్రాళ్లు మేడంని చూసి లేచి నమస్కారం పెడతారు. వాళ్లు కూడా ఒకప్పుడు ఆమె దగ్గర చదివి, ఆ పాఠం రోజున కబడ్డీ ఆడినవాళ్లే.

దారిలో ఏం మాట్లాడుకుంటారని అడిగాను. మొదట్లో ఏమీ లేదంది. పరీక్షల గురించి, ఆ రోజు పాఠం గురించి. తర్వాత ఆ పిల్లే మొదలుపెట్టిందట. క్లాసులో అడగనివి, ఇంట్లో అడగకూడనివి. నెల నెలా ఎందుకు అవుతుంది, ఆగిపోతే ఏంటి. బావను చేసుకుంటే పుట్టే పిల్లలకు ఏమన్నా అవుతుందా. ఒక అబ్బాయి బాగున్నాడనిపిస్తే అది తప్పా. తన స్నేహితురాలికి అబ్బాయిలెవరూ బాగున్నట్టు అనిపించదట, ఆమెకేమన్నా జబ్బా. నా భార్య తెలిసినవి చెప్పింది. తెలియనివి చదివి చెబుతానంది. ట్రాక్టర్ ఏదన్నా పక్కకు వస్తే ఇద్దరూ మాట ఆపి, అది పోయాక మళ్లీ అందుకునేవాళ్లు.

మొన్న ఒక సాయంత్రం ఆ అమ్మాయి అడిగిందట:

"మేడం, మా తమ్ముడికి పంచెలు ఎందుకు కట్టారండీ?"

"నీతో పాటు చేసేస్తే ఒక ఖర్చుతో పోతుందని."

"అది కాదండీ. వాడు ఏమయ్యాడని?"

నా భార్యకు నవ్వొచ్చింది. "వాడింకా ఏమీ కాలేదమ్మా. దానికి చాలా టైముంది."

"నాకేమో అయినా కాలేదన్నారు. వాడికేమో అవకుండానే చేసేశారు."

ఆ తర్వాత ఆ పిల్ల వదల్లేదట. మరి మగపిల్లలకు ఏమవుతుంది, ఎప్పుడవుతుంది, వాళ్లకి ఎవరు చెబుతారు. నా భార్య రోడ్డు పక్కన కల్వర్టు మీద కూర్చుని, కాళ్లు నొప్పిగా ఉన్నాయి కాసేపు ఆగమని, ఆ కాసేపట్లో చెప్పింది. గొంతు మారడం, మీసాలు రావడం, నిద్రలో బట్టలు తడవడం, భయపడటం, ఎవరికీ చెప్పకపోవడం. పదో తరగతిలో ఉన్న పిల్ల శ్రద్ధగా విన్నది. "పాపం, వాళ్లకి కూడా ఎవరూ చెప్పరా?" అంది. "చెప్పరు," అంది నా భార్య. "మా తమ్ముడికి నేను చెబుతాలెండి, పెద్దయ్యాక," అంది ఆ పిల్ల.

ఆ రోజు ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. తండ్రి వాకిట్లో నిలబడి దారి చూస్తున్నాడు. కూతుర్ని చూశాడు, మేడంని చూశాడు.

"ఇయ్యాల ఆలస్యమైందే మేడం గారూ?"

"పాఠం ఉంది," అంది నా భార్య.

"రేపు గూడా ఉందా?"

"ఉంది."

ఏం పాఠమని ఆయన అడగలేదు. పొద్దుపోతోంది, ఆటో దొరకదేమోనని మోటార్ సైకిల్ తీసి ఆమెను మెయిన్ రోడ్డు దాకా దింపాడు. బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడి, "రేపు పొద్దున పిల్లని తయారుగా ఉంచుతానండీ," అన్నాడు.